కొట్టుకునే ముందు డబ్బా వెనక్కి తిప్పండి

మెడికల్ షాపుకెళ్ళి "అన్నా, ముక్కుకి కొట్టుకునే స్ప్రే ఇవ్వు" అని అడిగితే చేతికి ఏ మందు వస్తుందో చెప్పడం కష్టం. ఒకే అరలో, దాదాపు ఒకే సైజు డబ్బాల్లో నాలుగు రకాలుంటాయి. ఒకటి ఉత్త ఉప్పునీళ్ళు. ఒకటి ఐదు నిమిషాల్లో ముక్కు తెరిచేది. ఒకటి తుమ్ములూ దురదా ఆపే యాంటీహిస్టమిన్. ఇంకొకటి స్టెరాయిడ్. నాలుగూ ముక్కులోకే వెళ్తాయి గానీ, నాలుగూ చేసే పనులు వేరు. ఈ వారం ఆ నాలుగో దాని గురించి మాట్లాడుకుందాం. ఎలర్జీ ముక్కుకి అన్నిటికంటే బాగా పనిచేసేది అదే, మన ఇళ్ళల్లో అందరూ భయపడేదీ అదే.

నేను డాక్టర్ని కాదు, కోడ్ రాసుకునేవాణ్ణి. కాకపోతే ముక్కు విషయంలో నాకు సీనియారిటీ ఉంది. బయల్దేరేటప్పుడు ఒక్క తుమ్ము తుమ్మితే అపశకునం, రెండు తుమ్మితే ఫర్వాలేదు అంటారు కదా. మరి పదకొండు తుమ్మితే ఏంటో మా నానమ్మ కూడా చెప్పలేకపోయింది. ఇంటర్‌లో మొదలైన తుమ్ములు బీటెక్ హాస్టల్లో ముదిరాయి. ఉద్యోగంలో చేరాక పొద్దున స్టాండప్ మీటింగ్‌లో నేను అన్‌మ్యూట్ చేస్తే టీమ్‌కి మొదట వినబడేది అప్‌డేట్ కాదు, తుమ్ము. ఆరేళ్ళుగా ఈఎన్‌టీ డాక్టర్ సలహాతో స్టెరాయిడ్ స్ప్రే వాడుతున్నా. ఈ ఆరేళ్ళలో వాడినదీ, చదివినదీ, డాక్టర్ని విసిగించి తెలుసుకున్నదీ ఇక్కడ చెబుతున్నా.

ముందు ఆ ఐదు నిమిషాల మందు సంగతి తేల్చేద్దాం. డబ్బా వెనక ఆక్సీమెటాజోలిన్ అనో, జైలోమెటాజోలిన్ అనో ఉంటే అది ముక్కులోని రక్తనాళాల్ని బిగించే మందు. ఉబ్బిన పొర టక్కున తగ్గి గాలి ఆడుతుంది. మహా సుఖంగా ఉంటుంది. జలుబు చేసిన రెండు మూడు రాత్రులకు, విమానం ఎక్కే ముందు, బాగానే ఉంటుంది. ఐదు రోజులు దాటితేనే గొడవ. మందు ప్రభావం దిగగానే నాళాలు మునుపటికంటే ఎక్కువ ఉబ్బుతాయి. మళ్ళీ కొట్టాలి. మళ్ళీ ఉబ్బుతుంది. డాక్టర్లు దీన్ని రైనైటిస్ మెడికమెంటోసా అంటారు, అంటే మందు వల్లే వచ్చిన ముక్కు దిబ్బడ.

కొండాపూర్‌లో నాతో ఫ్లాట్ పంచుకున్న ఒక ఫ్రెండ్ ఎనిమిది నెలలు దీన్లో ఇరుక్కున్నాడు. బ్యాగులో ఒక సీసా, బండి డిక్కీలో ఒకటి, దిండు కింద ఒకటి. పెళ్ళిచూపులకి వెళ్తూ దారిలో సీసా మర్చిపోయానని గుర్తొచ్చి మియాపూర్ నుంచి వెనక్కి తిరిగాడు. అమ్మాయి వాళ్ళకి ట్రాఫిక్ అని చెప్పాం. చివరికి డాక్టర్ ఆ చుక్కలు మాన్పించి, స్టెరాయిడ్ స్ప్రే మీద పెట్టారు. రెండు వారాలపాటు రాత్రుళ్ళు నోటితో ఊపిరి పీలుస్తూ, హాల్లో సోఫాలో కూర్చునే నిద్రపోయాడు. మూడో వారానికి మనిషయ్యాడు. విచిత్రం ఏంటంటే, ఆ ఎనిమిది నెలలూ "నేను స్టెరాయిడ్లు మాత్రం ముట్టను బాబూ" అంటూనే ఉన్నాడు.

ఆ మాట దగ్గరే అసలు విషయం ఉంది. స్టెరాయిడ్ అనగానే మనకి రెండు బొమ్మలు కనబడతాయి. ఒకటి జిమ్‌లో కండలు పెంచే ఇంజెక్షన్. అది టెస్టోస్టిరాన్ జాతి, దీనికీ దానికీ సంబంధం లేదు. ముక్కు స్ప్రేలో ఉండేది కార్టిజోన్ జాతి. మన కిడ్నీల పైనున్న అడ్రినల్ గ్రంథులు రోజూ తయారుచేసే కార్టిసాల్‌కి చుట్టాలు ఇవి. వీటిని కనిపెట్టినందుకు 1950లో కెండల్, రైక్‌స్టైన్, హెంచ్ అనే ముగ్గురికి నోబెల్ ఇచ్చారు.

రెండో బొమ్మ మాత్రం నిజమైనదే. మన ఊళ్ళల్లో ప్రతి వాడకట్టులోనూ ఒక పెద్దావిడ ఉంటుంది. మోకాళ్ళ నొప్పులకో, ఆయాసానికో ఎవరో ఇచ్చిన చిన్న తెల్ల మాత్ర నెలల తరబడి వేసుకుంటుంది. మొదట నొప్పి మాయం, తర్వాత మొహం చంద్రబింబంలా ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఆ మాత్ర స్టెరాయిడే. దాన్ని చూసి పెరిగినవాళ్ళు ఆ మాటకి భయపడటంలో తప్పేమీ లేదు. అందుకే "అది భయపడాల్సిందేం కాదులే" అని కొట్టిపారేసే డాక్టర్లంటే నాకు కాస్త చిరాకు. లెక్క చెప్పాలి.

ఆ లెక్క నేను కిందటేడాది మా అక్కకి చెప్పాల్సి వచ్చింది. అక్కావాళ్ళు విశాఖలో ఉంటారు. హుద్‌హుద్ తుఫాను తర్వాత ఆ ఊరి రోడ్ల పక్కన ఏడాకుల పాల చెట్లు విపరీతంగా నాటారు. చలికాలం వస్తే సాయంత్రాలు ఊరంతా ఆ పూల ఘాటు వాసన, వాటివల్ల ఎలర్జీ, ఆయాసం అని జనం గోల. మా మేనకోడలికి ఏడేళ్ళు. నవంబర్ వస్తే రాత్రంతా నోరు తెరుచుకుని గురక, పొద్దున లేస్తే కళ్ళ కింద నల్లటి చారలు, బళ్ళో కునికిపాట్లు. అది పూల వల్లో, పరుపులో ఉండే దుమ్ము పురుగుల వల్లో తెలీదు గానీ, పిల్ల మాత్రం చిక్కిపోయింది. డాక్టర్ మొమెటాసోన్ స్ప్రే రాశారు. అక్క కొని తెచ్చింది. డబ్బా మీద ఏముందో బావ గూగుల్ చేశాడు. వాళ్ళ అత్తయ్య "పసిపిల్లకి స్టెరాయిడ్ ఏంటమ్మా, ఎదుగుదల ఆగిపోతుంది" అంది. స్ప్రే ఫ్రిజ్ మీదికెక్కింది. మూడు వారాలు అక్కడే ఉంది.

"ఒరేయ్, నువ్వు వాడుతున్నావు కదా, నిజం చెప్పు" అని రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. వెనక పిల్ల ఊపిరి చప్పుడు ఫోన్లోకే వినబడుతోంది.

నేను చెప్పింది ఇదీ. మొమెటాసోన్ ఒక స్ప్రేలో 50 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. ఆ వయసు పిల్లలకి మామూలుగా రోజుకొకసారి, ఒక్కో ముక్కులో ఒక్క స్ప్రే. అంటే రోజుకి 100. నువ్వు భయపడుతున్న ఆ తెల్ల మాత్ర, ప్రెడ్నిసొలోన్ అనుకో, మామూలుగా ఇచ్చే చిన్న మాత్రే 5 మిల్లీగ్రాములు. అంటే 5000 మైక్రోగ్రాములు. అది మొత్తం ఒళ్ళంతా తిరుగుతుంది. ఇది ముక్కు పొర మీదే పనిచేస్తుంది. గొంతులోకి జారి మింగినది కూడా లివర్ దగ్గరే విరిగిపోతుంది. కొత్త తరం మందుల్లో రక్తంలోకి చేరేది నూటికి ఒకటి రెండు వంతులు కూడా ఉండదు. "అయితే బరువుకి బరువు పోల్చడం పూర్తిగా సరికాదక్కా, ఇది మైక్రోగ్రాముకి మైక్రోగ్రాము చూస్తే మాత్రకంటే ఘాటైన మందే" అని కూడా చెప్పా. లెక్క చెప్పేటప్పుడు మనకి కలిసొచ్చే సగమే చెబితే అవతలివాళ్ళు మిగతా సగం గూగుల్లో చూసి మనల్ని నమ్మడం మానేస్తారు.

అత్తయ్య భయం కూడా గాల్లోంచి పుట్టింది కాదు. పాత తరం మందు బెక్లోమెథాసోన్‌ని ఏడాదిపాటు రోజూ వాడిన పిల్లల్లో, వాడని పిల్లలకంటే ఎత్తు దాదాపు ఒక సెంటీమీటరు తక్కువ పెరిగినట్టు తేలింది. మొమెటాసోన్‌తో అలాంటి ఏడాది పరిశోధనే చేస్తే ఆ తేడా కనబడలేదు. అందుకే పిల్లల విషయంలో ఏ స్టెరాయిడ్ అన్నది ముఖ్యం. ఎంత తక్కువ డోసుతో గడుస్తుందన్నది ముఖ్యం. మూడు నాలుగు నెలలకోసారి గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచి రాసుకోవడం ముఖ్యం. ఇదంతా నా మాటగా నమ్మొద్దు, డాక్టర్ని ఈ మూడు ప్రశ్నలూ అడుగు అని వాట్సాప్‌లో పంపా: ఎన్నాళ్ళు వాడాలి, తగ్గాక డోసు ఎలా దించాలి, ఎత్తు ఎప్పుడు చూపించాలి. అక్క వెళ్ళి అడిగింది. అత్తయ్యని కూడా తీసుకెళ్ళింది, అదే తెలివైన పని. ఫ్రిజ్ మీది స్ప్రే కిందికి దిగింది.

ఇక పెద్దవాళ్ళు ఎలా ఎంచుకోవాలి? మందుల షాపులో కనబడే పేర్లు చూసి కంగారు పడొద్దు. బ్రాండ్లు పదుల్లో ఉన్నా లోపలి మందులు నాలుగైదే. ఫ్లూటికాసోన్ ప్రొపియోనేట్, ఫ్లూటికాసోన్ ఫ్యూరోయేట్, మొమెటాసోన్, బుడెసొనైడ్. ఇవి మన దగ్గర ఎక్కువగా రాసేవి. తుమ్ములు, కారడం, దిబ్బడ తగ్గించడంలో వీటి మధ్య తేడా పెద్దగా లేదు. అంటే "అన్నిట్లోకీ బెస్ట్ ఏది?" అన్న ప్రశ్నకి జవాబు లేదు. ఎవరికి ఏది కుదురుతుంది అన్నదే ప్రశ్న.

ఉదాహరణకి వాసన. ఫ్లూటికాసోన్ ప్రొపియోనేట్ స్ప్రేలలో చాలావాటిలో ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ కలుపుతారు. దానికి గులాబీ లాంటి వాసన ఉంటుంది. కొందరికి బాగుంటుంది. నాకు మాత్రం పెళ్ళి మండపంలో పన్నీరు బుడ్డి నేరుగా ముక్కులోకి ఒంపినట్టుండేది. డాక్టర్‌కి చెబితే వాసన లేని ఫ్లూటికాసోన్ ఫ్యూరోయేట్‌కి మార్చారు. చిన్న విషయంలా కనబడుతుంది గానీ, రోజూ వాడాల్సిన మందు నచ్చకపోతే పదో రోజుకి మానేస్తాం. ఈ ఫ్యూరోయేట్ స్ప్రేలో మందు 27.5 మైక్రోగ్రాములే, అదీ సన్నటి తుంపర. గొంతులోకి కారడం నాకు తక్కువనిపించింది.

పేర్ల దగ్గర ఒక జాగ్రత్త. ఫ్లోమిస్ట్ అంటే ప్రొపియోనేట్, ఫ్యూరామిస్ట్ అంటే ఫ్యూరోయేట్. షాపులో హడావుడిగా చెబితే రెండూ ఒకేలా వినబడతాయి. చీటీ ఫోటో చూపించండి, నోటితో చెప్పొద్దు. అమెరికాలో ఉన్న అన్నయ్యలు వస్తూ తెచ్చే ఫ్లోనేజ్ ఇంకోటి. అందులో ఉన్నదీ ఫ్లూటికాసోన్ ప్రొపియోనేటే. అక్కడ 2014 నుంచి దాన్ని చీటీ లేకుండా అమ్ముకోవచ్చు కాబట్టి సూపర్ మార్కెట్లో దొరుకుతుంది. జనవరిలో ఆస్టిన్‌లో సెడార్ చెట్ల పుప్పొడికి అల్లాడే మన తెలుగోళ్ళు కార్టులో పాలతో పాటు ఇదీ వేసుకుంటారు. మన దగ్గర ఇది డాక్టర్ చీటీ మీద ఇవ్వాల్సిన మందు. ఇక్కడ మందు ఉండగా అక్కణ్ణుంచి తెప్పించుకోవడం అనవసరం. ఖరీదు సంగతికొస్తే, అదే మందు ఒక్కో కంపెనీకి ఒక్కో రేటు. చీటీలోని మందు పేరు చూపించి జన ఔషధి కేంద్రంలో ఉందేమో ఓసారి అడగండి.

అజెలాస్టిన్ కలిపిన స్ప్రేలు ఇంకో తరహా. అజెలాస్టిన్ యాంటీహిస్టమిన్, అర గంటలో పని మొదలెడుతుంది. స్టెరాయిడ్ ఒక్కటీ సరిపోనివాళ్ళకి రెండూ కలిపి రాస్తారు. బాగా పనిచేస్తుంది గానీ చేదు. కొట్టుకున్నాక కాఫీ తాగితే ఆ కాఫీ వృథా.

మాత్రల గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకెళ్ళలేను. మన దగ్గర ఎలర్జీ అనగానే మాంటెలుకాస్ట్, లెవోసెట్రిజిన్ కలిపిన మాత్ర అలవాటుగా ఇచ్చేస్తారు. చాలామంది చీటీ లేకుండానే నెలల తరబడి మింగుతారు, "ఇది స్టెరాయిడ్ కాదులే" అన్న ధీమాతో. మాంటెలుకాస్ట్ వల్ల కొందరిలో ఆందోళన, పీడకలలు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టె మీద గట్టి హెచ్చరిక వేయించింది. ఉత్త ముక్కు ఎలర్జీకైతే మిగతా మందులు పనిచేయనప్పుడే దాన్ని వాడమంది. వేసుకునేవాళ్ళందరికీ అలా అవుతుందని కాదు. కానీ స్ప్రే పేరులో స్టెరాయిడ్ అన్న మాట చూసి దాన్ని పక్కనపెట్టి, ఈ మాత్రని పిప్పరమెంట్లా వేసుకోవడం మాత్రం నాకు తలకిందుల లెక్కలా కనబడుతుంది. ఇప్పటికే వేసుకుంటుంటే, ముఖ్యంగా ఆస్తమా కూడా ఉంటే, ఇది చదివి మానేయకండి. డాక్టర్‌తో మాట్లాడండి.

స్ప్రే పనిచేయలేదు అనేవాళ్ళలో చాలామంది రెండు రోజులు కొట్టి వదిలేసినవాళ్ళే. ఇది కణాల లోపలికెళ్ళి, వాపు పుట్టించే పదార్థాల తయారీనే తగ్గిస్తుంది. మా భాషలో చెప్పాలంటే అలర్ట్‌ని మ్యూట్ చేయడం కాదు, అలర్ట్‌లు పంపే సర్వీసునే నెమ్మదింపజేయడం. అందుకే సగం రోజులో కాస్త తేడా మొదలైనా, పూర్తి ఫలితానికి వారం, రెండు వారాలు పడుతుంది. రోజూ ఒకే టైముకి కొట్టాలి. నేను పళ్ళు తోముకునే బ్రష్ పక్కన పెట్టుకున్నా. ఫలానా నెలలో మొదలవుతుందని మీ ముక్కుకి క్యాలెండర్ ఉంటే, వారం పది రోజుల ముందే మొదలుపెట్టొచ్చేమో డాక్టర్ని అడగండి.

కొట్టుకోవడంలోనూ పద్ధతుంది. కొత్త సీసాని బాగా ఊపి, తుంపర సమంగా వచ్చేదాకా గాల్లోకి కొట్టాలి. మందుని బట్టి ఆరు నుంచి పదిసార్లు. ముక్కు చీది, తల కొంచెం ముందుకి వంచండి. ఆకాశం చూడొద్దు, చూస్తే మందు గొంతులోకి పోతుంది. కుడి ముక్కుకి ఎడమ చెయ్యి, ఎడమ ముక్కుకి కుడి చెయ్యి. ఇది ఎందుకంటే, అప్పుడు మూతి దానంతటదే మధ్య గోడకి దూరంగా, అదే పక్క కంటి బయటి కొన వైపు తిరుగుతుంది. ముక్కులోంచి రక్తం చారలు పడటం, ఎండిపోవడం ఈ మందుల్లో ఎక్కువగా కనబడే ఇబ్బంది. రోజూ మధ్య గోడ మీదే కొడితే ఆ ఇబ్బంది పెరుగుతుంది. నొక్కేటప్పుడు మెల్లగా గాలి పీల్చండి చాలు. నశ్యం పీల్చినట్టు గట్టిగా లాగితే మళ్ళీ గొంతులోకే. ఆ తర్వాత కాసేపు చీదకండి.

ముక్కు మరీ బిగుసుకుని ఉంటే ముందు ఉప్పునీళ్ళతో కడుక్కుని, పది నిమిషాలాగి స్ప్రే కొట్టండి. మన యోగా వాళ్ళు జలనేతి అని చేసేది అదే. నీళ్ళు మాత్రం మరిగించి చల్లార్చినవి కావాలి, కుళాయి నీళ్ళు నేరుగా వద్దు. ముక్కు ద్వారా మెదడుకి చేరే అమీబా గురించి కేరళ వార్తలు చదివే ఉంటారు.

అందరి ముక్కూ ఎలర్జీ ముక్కు కాదు. ఎప్పుడూ ఒక పక్కే మూసుకుపోవడం, ఒక పక్కనుంచే రక్తం రావడం, వాసన పూర్తిగా తెలియకపోవడం, జ్వరంతో మొహం నొప్పి, ఇలాంటివుంటే స్ప్రే కొనడానికి ముందు డాక్టర్ లోపల చూడాలి. కంట్లో ప్రెషర్, శుక్లాలు ఉన్నవాళ్ళు, ఈ మధ్యే ముక్కు ఆపరేషన్ అయినవాళ్ళు, గర్భిణులు ముందే చెప్పాలి. హెచ్‌ఐవీకి వాడే రిటోనావిర్ తీసుకునేవాళ్ళు తప్పకుండా చెప్పాలి. ఆ మందు ఉంటే ఫ్లూటికాసోన్ ఒంట్లో విరగకుండా పేరుకుపోతుంది. అప్పుడు నేను పైన చెప్పిన లెక్కలేవీ వర్తించవు. అలాగే "ఒక్క సూది, సీజనంతా హాయి" అని ఎవరైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తానంటే లేచి వచ్చేయండి. మా పెద్దావిడ మాత్ర కథ అక్కణ్ణుంచే మొదలవుతుంది.

ఇంకో సంగతి, సీసా ఎప్పుడు మార్చాలి? చాలా స్ప్రేల మీద 120 అని రాసుంటుంది. అన్ని కొలత ప్రకారం వచ్చే స్ప్రేలు. రోజుకి నాలుగు కొడితే నెల. 120 దాటాక కూడా అడుగున తడి ఉంటుంది, నొక్కితే ఏదో వస్తుంది, కానీ అందులో మందు ఎంతో ఎవరూ చెప్పలేరు. సీసా తెరిచిన రోజు తేదీని మార్కర్‌తో దాని మీదే రాయండి. అక్క ఇప్పుడు అదే చేస్తోంది. తేదీ కింద పాప ఎత్తు కూడా రాస్తోంది. కిందటి సీసా మీద 118, ఈ సీసా మీద 118.5.